పద్నాలుగో దారి

గురువారం. సాయంత్రం ఐదు గంటల యాభై రెండు నిమిషాలు. గేటు రెండు. నంబర్ 4417. బయటికి.

కంపెనీ హాజరు రికార్డులో జలంధర్ గురించి మిగిలింది ఆ ఒక్క వరుసే. ఆ తర్వాత పదకొండు రోజులుగా అతని వేలు ఏ గేటు మెషిన్ మీదా పడలేదు. ఫోన్ పలకలేదు. కూలీల క్యాంపులో అతని మంచం మీద దుప్పటి మడత విప్పినవాళ్లు లేరు.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకు యాస్మీన్ దోహాలో అబూ హమూర్‌లోని కంపెనీ ఆఫీసు మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. పేరు చూడక్కర్లేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి జలంధర్ భార్య బాలవ్వ. రోజూ ఇదే వేళకు చేస్తుంది.

"చెల్లె, ఏమన్న ఎరకైందా?"

"ఇంక లేదక్కా. ఇయ్యాల వాళ్ల కంప్యూటర్లు చూస్తున్న. ఒక్క ముచ్చట చెప్పు. అన్న నీకు రోజూ ఎన్ని గంటలకు ఫోన్ చేసెటోడు?"

"ఎనిమిదిన్నరకు. నేను బీడీల చాట పక్కకు పెట్టి కూసునేదాన్ని. తొమ్మిదేండ్ల సంది ఒక్కనాడు తప్పలే. జరమొచ్చి పండుకున్ననాడు గుడ చేసిండు. చేసి పెద్దగ మాట్లాడేది ఏం లేదు చెల్లె. తిన్నవా అంటడు. తిన్న అంట. గంతే." బాలవ్వ గొంతు తగ్గించింది. "గల్ఫ్‌ల కంపెనీ ఇడిసి పారిపోయిండని ఊళ్లె అంటున్నరు. పారిపోయెటోడు నాకు చెప్పకుంట పోతడా?"

"పోడక్కా," అంది యాస్మీన్. ఆధారం లేని మాట అనడం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజు అనేసింది.

యాస్మీన్‌ది నిజామాబాద్. నలభై ఒకటో ఏడు నడుస్తోంది. హైదరాబాద్‌లో పదేళ్లు నెట్‌వర్క్ ఇంజనీరుగా చేసి, ఆరేళ్ల కిందట దోహా వచ్చి, ఒక ఇన్సూరెన్స్ సంస్థ తరఫున కేసులు విచారిస్తోంది. ఈ కేసు ఆమె చేతికి వచ్చింది మనిషి తప్పిపోయినందుకు కాదు. రెండు నెలల కిందట ఒక సైటులో సేఫ్టీ బెల్టు తెగి మల్లన్న అనే కూలీ ఏడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. కాలం చెల్లిన బెల్టులకు కొత్త స్టిక్కర్లు అంటించి ఇచ్చారని అనుమానం. ఆ బెల్టులు ఎవరి మాట మీద స్టోరు నుంచి బయటికొచ్చాయో చెప్పగలిగిన మనిషి ఒక్కడే, స్టోరు కూలీ జలంధర్. ఆదివారం వచ్చి వాంగ్మూలం ఇస్తానని యాస్మీన్‌కు మాటిచ్చాడు. గురువారం మాయమయ్యాడు. తప్పు తనదే కాబట్టి భయపడి పారిపోయాడని కంపెనీ కాగితం పెట్టింది.

మెట్ల మలుపులో ఆగి యాస్మీన్ ఫోన్‌లో ఇంకో నంబరు వైపు చూసింది. గయాజ్. ఆమె భర్త. బోధన్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్. ప్రతి ఏడూ వచ్చే ఏడు కలిసి ఉందామనుకుంటారు. ఏదో ఒకటి అడ్డుపడుతుంది. ఈ మధ్య మాటలు కూడా తగ్గాయి. వంట చేసుకునేటప్పుడు ఫోన్ గట్టు మీద పెట్టమంటుంది, అంతే. "నువ్వేం మాట్లాడకు గయాజ్. పని చేసుకో. నేను వింటా." గరిటె చప్పుడు, పోపు చిటపట, అతను మధ్యలో తీసే కూనిరాగం. వాటితోనే ఆమె రోజు ముగుస్తుంది. మనిషి నడిచొచ్చే అడుగుల చప్పుడు మాత్రం ఎలా ఉండేదో నిరుడే మరిచిపోయింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

ఫోన్ సంచిలో వేసుకుని తలుపు తోసింది.

గదిలో ఇద్దరున్నారు. ఒకడు చిరంజీవి, కంపెనీ సర్వర్లు చూసుకునే ఉద్యోగి. ఆర్మూరువాడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. నాలుగు రోజులుగా నిద్రలేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండో మనిషి రామకృష్ణారావు. కంపెనీ పెట్టుకున్న సెక్యూరిటీ కన్సల్టెంట్, విజయవాడ మనిషి. రెండేళ్ల కిందట ఒక గోదాము మంటల కేసులో యాస్మీన్ రాసిన నాలుగు పేజీలు ఆయన నలభై పేజీల రిపోర్టును పనికిరాకుండా చేశాయి. ఆయన అది మరిచిపోలేదు.

"రండి యాస్మీన్ గారూ. మీకు శ్రమ లేకుండా తేల్చేశాను," అన్నాడు రావు, బల్ల మీద ఫైలు జరుపుతూ. "గురువారం ఐదూ తొమ్మిది నుంచి ఐదూ యాభై దాకా హాజరు రికార్డు ఖాళీ. నలభై ఒక్క నిమిషాలు. ఆ టైములో సర్వర్‌లోకి లాగిన్ అయింది ఒక్కరే. ఈ అబ్బాయి ఐడీ. జలంధర్ ఇతనికి దోస్తు. పారిపోయేవాడికి దారి చేసి పెట్టాడు. రేపు పొద్దున పోలీసులకి అప్పజెబుతున్నాం."

"నేను చెయ్యలే మేడం," అన్నాడు చిరంజీవి.

యాస్మీన్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "గురువారం ఐదు నుంచి ఆరు దాంక ఎక్కడున్నవ్?"

"ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాల, మా రూంల. ఆ రోజు వంట నా వంతు."

"చూసినోళ్లు?"

"ఆరుగురం ఉంటం. తతిమ్మా ఐదుగురు డ్యూటీ మీదున్నరు."

"అంటే సాక్ష్యం మాఫీ, లేనట్టే," అన్నాడు రావు.

యాస్మీన్ ఆయన వైపు చూడలేదు. "గేటు మెషిన్ మీద వేలు పెడితే ఆ రికార్డు సర్వర్ల ఎట్ల పడ్తదో చెప్పు. మొదటి నుంచి చెప్పు."

ఆమెకు తెలియక అడగలేదు. మనిషి తనకు బాగా తెలిసిన పని గురించి చెప్పేటప్పుడు గొంతు నిలకడగా ఉంటుంది. ఎక్కడ తడబడతాడో అక్కడే దాచింది ఉంటుంది.

"ఒక్క సర్వర్ల పదమూడు సాఫ్ట్‌వేర్లు నడుస్తయి మేడం. దేని డబ్బా దానిదే. కంటైనర్లంటం. బయట నుంచి వచ్చేదంతా ముందుగాల ప్రాక్సీ తాన ఆగుతది. ఏది ఏ డబ్బాకు పోవాల్నో ప్రాక్సీ చూసి పంపుతది. వెబ్‌సైటైతే పేరు చెప్పుకుంట వస్తది, పేరు చూసి పంపుతది. గేటు మెషిన్లు పాతయి. పేరు చెప్పయి. ఉత్త టీసీపీ కనెక్షన్. తలుపు కొట్టి నంబర్లు పంపుతయి. అందుకే ఆ పోర్టు మీద, అంటే అవి కొట్టే తలుపు మీద, ఒక్కటే రూలు పెట్టిన. ఎవరొచ్చినా సరే, హాజరు డబ్బాకు తోలు. ఎవరైనా అనేదానికి చిన్న చుక్క గుర్తు, గంతే."

"ఆ రూలు మీద ఇంకో రూలు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. దేనికి ప్రయారిటీ నంబరు పెద్దగుంటే ప్రాక్సీ దాని మాటనే ఇంటది."

"ఫైలు నేను చూశానండి," రావు అందుకున్నాడు. "రూల్స్ ఫైలులో పదమూడే ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇతను గురువారం ఇంకోటి పెట్టి, పని కాగానే తీసేశాడు."

"ఫైలు కాకుండ, ప్రాక్సీల ఇప్పుడు నడుస్తున్న రూల్ల జాబితా చూసినవా చిరంజీవీ?"

చిరంజీవి బల్ల మీద గోటితో గీత గీశాడు.

"చూసినవా?"

"చూసిన మేడం," అన్నాడు చివరికి. గొంతు పూర్తిగా పడిపోయింది. "చెప్తే నన్నే పట్టుకుంటరని చెప్పలే."

"నడువు. సర్వర్ రూంకు పోదాం."

సర్వర్ గది అదే అంతస్తులో చివర. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. ఏసీ చలికి గోడలు చెమ్మగిల్లాయి. యాస్మీన్ ముందుగా తెర వైపు చూడలేదు. బల్ల, కుర్చీ, తీగలు, గోడ, ఒక్కొక్కటీ చూసింది. కీబోర్డు ఎత్తి తిరగేసింది. అడుగున చిన్న కాగితం, టేపుతో అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. చిరంజీవి చేతిరాత.

"ఇది నీ పాస్‌వర్డేనా?"

"అవు మేడం."

"ఇక్కడెందుకు పెట్టినవ్?"

"గంగాప్రసాద్ సార్ పెట్టమన్నడు. నువ్వు సెలవు మీద పోయిననాడు అవసరం పడ్తదన్నడు. ఈ సిస్టం మొదట పెట్టింది ఆయననే. తర్వాతనే ఆపరేషన్స్ మేనేజర్ అయిండు."

"ఈ గదిలకు రావాల్నంటే కార్డు కావాల్నా?"

"తాళం చెవి. అది రిసెప్షన్ల ఉంటది. ఎవరన్న తీసుకోవచ్చు."

తలుపు దగ్గర నిలబడి ఉన్న రావు మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. వెంటనే సర్దుకున్నాడు. "మేనేజరుకి పాస్‌వర్డు ఉండటం నేరమేం కాదు కదండీ."

"కాదు. కానీ లాగిన్ అయింది ఎవరన్నది మాత్రం మీ రిపోర్టులో ఇంక రుజువు కాదు," అంది యాస్మీన్. "చిరంజీవీ, నడుస్తున్న జాబితా తియ్యి."

తెర మీద వరుసలు నిలిచాయి. యాస్మీన్ వేలితో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఫైల్ల పదమూడు. ఇక్కడ పద్నాలుగు."

రావు ముందుకు వంగాడు.

"ఫైల్ల రాయకున్నా రూలు పెట్టొచ్చు సార్," అన్నాడు చిరంజీవి. "కొత్త కంటైనర్ లేపేటప్పుడు దాని మీద లేబుల్ అంటిస్తే సాలు. ప్రాక్సీ ఆ లేబుల్ చదివి తనంతట తనే రూలు పెట్టుకుంటది. ఫైలు ముట్టేదే లేదు."

పద్నాలుగో రూలు దారి తీస్తున్న కంటైనర్ పేరు 'పాత బ్యాకప్' అని ఉంది. అలాంటి పేరున్న దాన్ని ఎవరూ తెరిచి చూడరు. అది నిజానికి హాజరు సాఫ్ట్‌వేర్‌కే రెండో నకలు. అదే రూపం, అదే మాట తీరు. గేటు మెషిన్ వచ్చి తలుపు కొడితే అసలుదానిలాగే అందిందని జవాబు చెబుతుంది. రాసుకునేది మాత్రం తన సొంత పుస్తకంలో, అంటే వేరే డేటాబేస్‌లో.

యాస్మీన్ దాని పుట్టుక టైము చూసింది. గురువారం ఐదూ తొమ్మిది. మళ్లీ మార్చింది ఐదూ యాభై.

"నలభై ఒక్క నిమిషాల ఖాళీ ఇదే," అంది నెమ్మదిగా. "మొదట తొందరలో చుక్క గుర్తు పెట్టిండు. ఎవరొచ్చినా ఇటే రమ్మని. దానితోని అన్ని గేట్ల రికార్డులు ఇందులకే కొట్టుకొచ్చినయి. తప్పు తెలుసుకుని ఐదూ యాభైకి దిద్దిండు. ఇప్పుడు రూలు ఒక్క చిరునామాకే. ఆ ఒక్క మెషిన్ వస్తేనే ఇటు. మిగిలినవన్నీ ఎప్పటి దారిన."

"ఐదూ యాభై రెండుకి జలంధర్ గేటు రెండు నుంచి బయటికెళ్లాడు కదండీ," అన్నాడు రావు. గొంతులో మునుపటి ధీమా లేదు.

"ఆ వరుస ఎక్కడి నుంచి వచ్చిందో చూపించు చిరంజీవీ."

ప్రతి రికార్డు పక్కనా ఆ మెషిన్ చిరునామా ఉంటుంది. గేటు రెండువన్నీ ఒకే చిరునామా నుంచి వచ్చాయి. 4417 పేరిట ఐదూ యాభై రెండుకి పడింది మాత్రం గేటు నుంచి రాలేదు. సర్వర్ లోపలి చిరునామా నుంచి వచ్చింది. ఎవరో ఈ కుర్చీలో కూర్చుని టైపు చేశారు.

జలంధర్ ఆ గేటు దాటలేదు.

యాస్మీన్‌కు బాలవ్వ గొంతు చెవిలో మెదిలింది. నాకు చెప్పకుంట పోతడా?

"పద్నాలుగో రూలు ఏ మెషిన్ కోసం పెట్టిన్రు?"

చిరంజీవి చిరునామా చదివాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి వెతికాడు. "గేటు తొమ్మిది."

"మీ కంపెనీకి ఉన్నవి ఎనిమిదే కదా?" అన్నాడు రావు.

"తొమ్మిదోది ఊరి బయట, అల్ షహానియాల. ఒంటెల ఫారాలకు అవతల పాత స్టోరు. నిరుడు మూసేసిన్రు. అక్కడ మెషిన్‌కే తలుపు తాళం ఉంటది సార్. సామాను దొంగతనం కావొద్దని లోపల్నుంచి బయటికి రావాల్నన్నా వేలు పెట్టాలె. కరెంటు తీసేస్తే తాళం ఊడుతది. మెషిన్‌కు సర్వర్ జవాబియ్యకపోతే హెడ్డాఫీసుల అలారం మోగుతది."

"అందుకే తీగ పీకలేదు. దారి మళ్లించిండు," అంది యాస్మీన్.

రావు గడియారం చూసుకున్నాడు. ఐదూ ముప్పై ఒకటి. "ఇక్కడితో ఆపండి. సాక్ష్యం ఉన్న సర్వర్ ఇది. ఇప్పుడే మొత్తం ఆపేసి సీలు వేయాలి. నిబంధన అది. మీరు దీంట్లో వేలుపెట్టి ఒక్క ఫైలు కదిపినా రేపు కోర్టులో నిలవదు."

"ఆపితే ఆ తలుపుతో మాట్లాడే దారి పోతది రావుగారూ."

"మూసేసిన స్టోరుతో మీకు మాటలేంటండీ?"

"మూసేసిన స్టోరుకు ఇంత కష్టపడి దారి ఎందుకు మళ్లిస్తరు? మీరే చెప్పండి."

"నాకు అనుమానాలతో పనిలేదు. నా క్లయింటు కంపెనీ. వాళ్లకి చెప్పకుండా వాళ్ల సర్వర్ మీద మీరు..."

"రెండేళ్ల కిందట గోదాంలో కూడా ఇట్లనే అన్నరు," అంది యాస్మీన్. స్వరం పెంచలేదు. తెరకూ ఆయనకూ మధ్య వచ్చి నిలబడింది. "అప్పుడు కాలింది సామాను. ఇప్పుడు మనిషి. ఈ స్విచ్ ముట్టాల్నంటే నన్ను దాటాలె."

రావు మొహం కందగడ్డలా అయింది. "మీ పైవాళ్లతో మాట్లాడతాను," అని ఫోన్ తీసుకుని విసురుగా వరండాలోకి వెళ్లాడు. గాజు తలుపు అవతల ఆయన అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడటం కనిపించింది. యాస్మీన్‌కు అటు చూసే తీరిక లేదు.

నకలు సాఫ్ట్‌వేర్ పుస్తకం తెరవడానికి చిరంజీవికి ఇరవై నిమిషాలు పట్టింది. దాని పాస్‌వర్డు వేరు. చివరికి పాత సిస్టం మొదట పెట్టినప్పటి పాస్‌వర్డు వేసి చూశాడు. తెరుచుకుంది. అది తెలిసినవాళ్లు కంపెనీలో ఇద్దరే.

రావు తిరిగొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఈసారి ఏమీ అనలేదు.

గేటు తొమ్మిది. గురువారం, రాత్రి ఏడూ పది. నంబర్ 0007. అనుమతి. తలుపు తెరుచుకుంది. ఏడూ పన్నెండు, మళ్లీ 0007, బయటికి.

తర్వాతి వరుస ఏడూ పదమూడు. 4417. నిరాకరణ.

దాని కింద మళ్లీ 4417, నిరాకరణ. మళ్లీ అదే. మళ్లీ అదే. చిరంజీవి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఉన్నడు," అంది యాస్మీన్. "లోపలున్నడు."

శుక్రవారం అరవై మూడు సార్లు. శనివారం ఇరవై. ఆదివారం, అంటే ఆమెకు వాంగ్మూలం ఇస్తానన్న రోజు, ఏడు. రోజు విడిచి రోజు తెల్లవారుజామున ఐదూ నలభైకి 0007 తలుపు తెరిచి, పది నిమిషాల్లో వెళ్లిపోయినట్టుంది. తిండీ నీళ్లూ పడేసి పోవడానికి అయి ఉంటుంది. సంతకం పెట్టమని ఏదో కాగితం ముందుపెట్టడానికి కూడా కావచ్చు. బెల్టుల నేరం జలంధర్ ఒప్పుకున్నట్టు ఒక కాగితం ఉంటే ఎవరికి మేలో ఆమెకు తెలుసు.

"0007 ఎవరు?"

చిరంజీవి రావు వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు. "గంగాప్రసాద్ సార్."

రావు గోడకు చేరగిలబడ్డాడు.

యాస్మీన్ జాబితా కిందికి జరిపింది. మొదటి సోమవారం నుంచి తీరు మారింది. పగలంతా 4417 పేరిట ఒక్క వరుస లేదు. రాత్రి లేదు. సాయంత్రం ఒకటే.

సోమవారం, ఆరు గంటలు. 4417. నిరాకరణ. మంగళవారం, ఆరు గంటలు. బుధవారం, ఆరు గంటలు. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, రోజుకు ఒక్కసారి, ఆరున.

"తలుపు తెరుచుకోదని ఎరికై గుడ ఎందుకు పెడ్తున్నడు మేడం? అది గూడ ఆరుకే?"

యాస్మీన్ ఆ వేళను ఇండియా టైముకు మార్చుకుంది. ఇక్కడ సాయంత్రం ఆరు. అక్కడ ఎనిమిదిన్నర. చీకటి గోదాములో వెలుగుతున్నది ఆ మెషిన్ చిన్న తెర ఒక్కటే. దాని మీద గడియారం. చేతిలో ఫోన్ లేని మనిషి, తొమ్మిదేళ్లుగా ఒక్కరోజు తప్పని మనిషి, ఆ గడియారం ఆరు చూపించగానే లేచి వచ్చి వేలు పెడుతున్నాడు. తలుపు కోసం కాదు. అవతల బీడీల చాట పక్కన పెట్టి ఒకామె కూర్చునే వేళ అది. ఆ వేళకు ఏదో ఒక దారిన, ఎవరికో ఒకరికి, తను ఉన్నానన్న మాట పంపకుండా ఉండలేకపోతున్నాడు.

ఆ మాట వారం రోజులుగా ఈ దిక్కుమాలిన కంటైనర్‌లో పడి ఉంది.

"టైమెంత?"

"ఐదూ యాభై నాలుగు."

ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. పేరు, చోటు, విషయం చెప్పింది. అవతలి గొంతు రెండుసార్లు అడిగి రాసుకుని, దగ్గరలో ఉన్న గస్తీ బండిని పంపుతామని, కనీసం అరగంట పడుతుందని చెప్పింది. ఫోన్ పెట్టేసి చిరంజీవి వైపు తిరిగింది.

"తలుపుకు ఎవరి వేలు ఒప్పుకోవాల్నో ఎవరు చెప్తరు?"

"సర్వరే మేడం. మెషిన్ నిమిషానికొకపారి వచ్చి అనుమతుల జాబితా..." అతను మధ్యలో ఆగిపోయాడు. కళ్లు పెద్దవయ్యాయి. "ఇప్పుడు గేటు తొమ్మిదికి ఈ నకలే సర్వర్."

"మరింక ఏం చూస్తున్నవ్? యల్లా, కానియ్యి!"

చిరంజీవి కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఒకసారి తప్పు కొట్టాడు. చెరిపి మళ్లీ కొట్టాడు. జాబితాలో 0007 పక్కన అనుమతి తీసేశాడు. 4417 పక్కన పెట్టాడు. ఐదూ యాభై ఏడు. ఐదూ యాభై ఎనిమిదికి గేటు తొమ్మిది మెషిన్ వచ్చి సర్వర్ తలుపు కొట్టింది. కొత్త జాబితా తీసుకుని పోయింది.

ఇక చేయగలిగింది లేదు. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. ఆ రెండు నిమిషాల్లో యాస్మీన్‌కు గయాజ్ గుర్తొచ్చాడు. ఎందుకో అతని పేరు పెట్టి పిలవాలనిపించింది. అతను పలకడం, నడిచి రావడం, దగ్గరగా వచ్చి ఏమైందని అడగడం. ఆరేళ్లలో ఎన్ని సాయంత్రాలు వదులుకున్నారో ఆమె ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. పెట్టుకుంటే ఇక్కడ ఉండలేనని భయం.

ఐదూ యాభై తొమ్మిది.

"ఇయ్యాల పెట్టకపోతే?" అన్నాడు చిరంజీవి.

"పెడ్తడు."

ఆరు గంటలు. తెర మీద ఏమీ లేదు. సెకన్ల అంకె పది దాటింది. ఇరవై దాటింది.

ఆరు గంటల ఇరవై ఆరు సెకన్లు. గేటు తొమ్మిది. 4417.

అనుమతి. తలుపు తెరుచుకుంది.

చిరంజీవి రెండు చేతులతో మొహం కప్పుకుని అక్కడే కింద కూర్చుండిపోయాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. యాస్మీన్ తెర మీద ఆ వరుసను వేలితో తాకింది. పదకొండు రోజుల తర్వాత ఒక మనిషి గాలిలోకి అడుగు పెడుతున్నాడు. ఫోన్ లేదు, డబ్బు లేదు, కంపెనీ మీద నమ్మకం లేదు. ఏం చేస్తాడు? ఫారాల మధ్య మట్టి బాట పట్టుకుని పెద్ద రోడ్డు దాకా నడుస్తాడు. కనబడ్డ మొదటి బండికి చెయ్యెత్తుతాడు. ఎవరైనా సరే, ఫోన్ ఒక్కసారి ఇమ్మని అడుగుతాడు.

ఆమె బాలవ్వ నంబరు తీసింది. బొటనవేలు దాని మీద ఆనించబోయింది.

"ఆగండి యాస్మీన్ గారూ."

రావు గొంతు అది. గుర్తుపట్టలేనట్టుంది. ఆయన ఇంకా గోడకు ఆనుకునే ఉన్నాడు. నుదుటి మీద, అంత చలిగదిలోనూ, చెమట.

"ఇందాక వరండాలో నేను మాట్లాడింది మీ పైవాళ్లతో కాదు," అన్నాడు. "క్లయింటుతో. ఐదూ ముప్పై నాలుగుకి. పద్నాలుగో రూలు దొరికింది, గేటు తొమ్మిది అంటున్నారు సార్ అని చెప్పాను. నాకు అప్పటికి తెలీదండీ. దేవుడి మీద ఒట్టు, తెలీదు."

"ఎవరితో?"

"గంగాప్రసాద్ గారితో. ఆయన ఈ బిల్డింగులోనే ఉన్నారు. సరే అన్నారు. రెండు నిమిషాల తర్వాత పార్కింగులో ఆయన తెల్ల ల్యాండ్ క్రూయిజర్ బయటికెళ్లడం వరండా కిటికీలోంచి చూశాను." రావు పెదవులు తడుపుకున్నాడు. "ఇక్కణ్ణుంచి షహానియాకి ఎంతసేపు?"

"ముప్పావు గంట," అన్నాడు చిరంజీవి కింద నుంచి.

యాస్మీన్ గోడ గడియారం చూసింది. ఆరూ రెండు. తెల్ల బండి బయల్దేరి అప్పటికే ఇరవై ఆరు నిమిషాలు. పోలీసు బండి చేరాలంటే ఇంకా ఇరవై నిమిషాల పైనే. ఆ మట్టి బాట మీద ఈ వేళప్పుడు స్టోరు వైపు వెళ్లే బండి ఆ ల్యాండ్ క్రూయిజర్ తప్ప ఇంకొకటి ఉండదు.

మరి కాసేపట్లో జలంధర్ చెయ్యెత్తి ఆపబోయే బండి అదే.